రాసిచ్చేముందు ఒక్క మాట!

మా అంబర్‌పేటలో పక్కవీధిలో ఒక పెద్దావిడ ఉన్నారు. పిన్నిగారూ అని పిలుస్తాను. వయసు డెబ్బై నాలుగు. భర్త పోయి ఆరేళ్లయింది. నూట ఇరవై గజాల ఇల్లు ఆవిడ పేరునే ఉంది. మొన్న సాయంత్రం నా చేతిలో కాగితాలు పెట్టి, "ఇందులో ఏముందో కాస్త చదివి చెప్పమ్మా. ఎల్లుండే రిజిస్ట్రేషన్ అంటున్నాడు పెద్దాడు" అన్నారు.

అది గిఫ్ట్ డీడ్. ప్రేమాభిమానాలతో ఇల్లు కొడుక్కి ఇచ్చేస్తున్నట్టు రాసి ఉంది. ఆవిడ ఆ ఇంట్లోనే ఉంటారనీ, తిండి, మందులు కొడుకు చూసుకుంటాడనీ మాత్రం ఒక్క ముక్క లేదు. అదే అడిగితే, "కన్నకొడుకు దగ్గర కాగితం రాయించుకుంటామా? సిగ్గు కాదూ!" అన్నారు.

సిగ్గేమీ లేదు. ఎందుకో చెబుతాను.

తల్లిదండ్రుల, వృద్ధుల పోషణకు 2007లో ఒక చట్టం వచ్చింది. అందులో 23వ సెక్షన్ చాలామందికి తెలియదు. అరవై దాటినవారు, తమ బాగోగులు చూడాలన్న షరతుతో ఆస్తి రాసిచ్చాక, తీసుకున్నవారు చూడకపోతే ఆ దస్తావేజును రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. అయితే అసలు చిక్కు "షరతుతో" అన్న మాట దగ్గరే ఉంది. షరతు ఉన్నట్టు తేలకపోతే ఈ సెక్షన్ వర్తించదని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో చెప్పింది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్ తల్లి ఒకావిడ కేసులో అదే కోర్టు, ఈ చట్టాన్ని పెద్దవాళ్లకు మేలు జరిగేలా ఉదారంగా చూడాలంటూ ఆవిడ ఇచ్చిన గిఫ్ట్ డీడ్‌ను రద్దు చేసింది. ఆ కేసులో కూడా, తల్లిని చూసుకుంటానని కొడుకు రాసిచ్చినట్టు చూపిన కాగితం ఒకటుంది. మాట ఎంత గొప్పదైనా, కోర్టు దాకా వెళితే అక్కరకొచ్చేది కాగితమే!

అందుకే పిన్నిగారికి మూడు దారులు చెప్పాను. ఒకటి, బతికున్నన్నాళ్లూ ఆ ఇంట్లో ఉండే హక్కు తనదేననీ, తిండి, బట్ట, వైద్యం కొడుకు చూడాలనీ దస్తావేజులోనే రాయించడం. రెండు, ఇప్పుడేమీ ఇవ్వకుండా విల్లు రాయడం. విల్లయితే ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, తన తదనంతరమే అమల్లోకి వస్తుంది. మూడు, తొందరపడకుండా ఊరుకోవడం.

పింఛను ఉందిగా అంటారేమో. తెలంగాణలో వృద్ధాప్య పింఛను 2014లో వెయ్యి రూపాయలు, 2019లో రూ.2016 అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి రూ.4000 ఇస్తున్నారు. పేదవారికి అది పెద్ద ఆసరానే. కానీ బీపీ, షుగరు మందులు, కంటి ఆపరేషను, అద్దె అన్నీ అందులో సర్దుకోవాలంటే కుదిరే పనేనా? పిన్నిగారి లాంటివారికి అసలైన పింఛను ఆ ఇల్లే. పై గది అద్దె ఆవిడ చేతికి వచ్చినంతకాలం మాత్ర కావాలన్నా, మనవడికి చాక్లెట్ కొనాలన్నా ఎవరినీ అడగక్కర్లేదు.

ఇప్పటికే రాసిచ్చేసి బాధపడుతున్నవారు కూడా దిగులు పడి కూర్చోకండి. సొంత రాబడితో, ఆస్తితో గడవని తల్లిదండ్రులు కొడుకు మీదే కాదు, కూతురి మీదా భరణం అడగవచ్చు. ఆర్డీవో దగ్గర ఉండే ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవాలి. వకీలును పెట్టుకోక్కర్లేదు. చట్టం ప్రకారం భరణం నెలకు పదివేలకు మించదు. మీరున్న చోటైనా, పిల్లలున్న చోటైనా అర్జీ పెట్టవచ్చు. అంటే తల్లి అంబర్‌పేటలో, కొడుకు జిల్లా మారి ఉప్పల్‌లోనో నాచారంలోనో ఉన్నా ఆవిడ అక్కడిదాకా తిరగనవసరం లేదు. ఎలా వెళ్లాలో తెలియకపోతే వృద్ధుల కోసం 14567 హెల్ప్‌లైన్ ఉంది. ఫోనుకు డబ్బులు పడవు.

పిన్నిగారి రిజిస్ట్రేషన్ ప్రస్తుతానికి ఆగింది. వాళ్లబ్బాయి నేనెదురైతే ముఖం తిప్పుకుంటున్నాడు. అతను చెడ్డవాడేం కాదు, రేపు తల్లిని బంగారంలా చూసుకోవచ్చు. అలా చూసుకునేవాడికి ఆ రెండు వాక్యాలు రాయడానికి అభ్యంతరం ఎందుకుండాలి? రేపు మనమూ ఆ వయసుకు వచ్చేవాళ్లమే. మీ అమ్మగారి చేతిలోనో, అత్తగారి చేతిలోనో ఇలాంటి కాగితం కనిపిస్తే, సంతకానికి ముందు ఒకసారి చదివి వినిపించండి.