‘దున్నాం’ వేరు, ‘దున్నుతూ వస్తున్నాం’ వేరు

ఇంగ్లీషు టెన్సులంటే మన వాడల పిల్లలకి పన్నెండు గళ్ల పట్టిక. బట్టీ పట్టిస్తారు, ఎందుకో చెప్పరు. తెలుగులో ‘వస్తాడు’ అంటే రోజూ వచ్చేవాడూ అవుతాడు, రేపు రాబోయేవాడూ అవుతాడు. ఇంగ్లీషులో ‘కమ్స్’ వేరు, ‘విల్ కమ్’ వేరు. పిల్లలు తడబడేది ఇక్కడే. దానికి మొద్దులని పేరు పెట్టటం అన్యాయం.

అర్జీ సంగతి చూడండి. ‘1985 నుంచి ఈ భూమి సాగు చేస్తున్నాం’ అని తెలుగులో తిరుగులేకుండా చెప్తాం. ఇంగ్లీషులో ‘వుయ్ కల్టివేటెడ్’ అని టైపు కొట్టిస్తే, ఎప్పుడో దున్ని వదిలేశామని అర్థం తీస్తారు. ‘ఆర్ కల్టివేటింగ్’ అంటే ఇప్పటి సంగతే, వెనకటి ఏళ్లు రావు. ‘హావ్ బీన్ కల్టివేటింగ్ సిన్స్ 1985’ అనాలి. అప్పుడు మొదలైంది, ఇంకా మన చేతిలోనే ఉంది అని. ఎదుటి ప్లీడరు వెతికేది అలాంటి సందుల కోసమే కదా!

రాజ్యాంగం 17వ అధికరణంలో అంటరానితనం ‘ఈజ్ అబాలిష్డ్’ అని రాశారు. ‘విల్ బీ’ అనలేదు. 1950 జనవరి 26న అమల్లోకి వస్తూనే రద్దు. అంటరానితనం పేరుతో అడ్డుకోవటం నేరమనేచోట ‘షల్ బీ’ ఉంది. బడి వ్యాకరణంలో అది భవిష్యత్తు, చట్టంలో ఆజ్ఞ. రెండు గ్లాసుల హోటలు ముందు ‘మెల్లగా మారుతుందిలే’ అనే పెద్దమనుషులకి ఈ క్రియలు చదివి వినిపించండి.

వచ్చే మీటింగుకి పాత అర్జీల నకళ్లు తెండి. క్రియల కింద గీతలు గీసి చూద్దాం.