ఇంట గెలిచి రచ్చ గెలువవలెను

ధర్మపక్షమున రాయబారము నడపువాడు తాను ముందు ధర్మమున నిలిచి యుండవలెను. కమ్యూనిజమునకు ప్రత్యుత్తరముగా ప్రజాస్వామ్యాదర్శములను లోకమునకు చాటబూనిన పాశ్చాత్య రాజ్యములు ఈ చిన్న సూత్రమును విస్మరించినవి. ఆదర్శములు గొప్పవే, చాటిన నోళ్లకే అర్హత చాలలేదని మా అభిప్రాయము.

1947 మార్చి 12వ తేదీన అమెరికా అధ్యక్షుడు ట్రూమన్, గ్రీసు, టర్కీ దేశముల సాహాయ్యమునకై 40 కోట్ల డాలర్లు కోరుచు, లోకమున రెండు జీవనమార్గములు కలవనియు, ఒకటి బహుజనుల ఇచ్ఛపైనను, రెండవది కొందరి బలాత్కారముపైనను నిలిచినదనియు వక్కాణించెను. 1948 డిసెంబరు 10న ప్యారిసులో ఐక్యరాజ్యసమితి విశ్వమానవ హక్కుల ప్రకటనను 48 వోట్లతో ఆమోదించెను. దానిని రచించిన సంఘమునకు అధ్యక్షురాలు ఎలియనార్ రూజ్వెల్టు. మొదటి అధికరణమున 'పురుషులందరు' అను మాటను 'మానవులందరు' అని మార్పించిన విదుషి మన హంసా మెహతా. రష్యాయు, తూర్పు యూరపు కమ్యూనిస్టు రాజ్యములును తటస్థముగా నుండెను. వర్ణవివక్షను సాగించు దక్షిణాఫ్రికాయు ఆ పంక్తిలోనే కూర్చుండెను!

ఇంతవరకు బాగు. కాని అంతకు ఒక యేడు ముందే, 1947 అక్టోబరులో, అమెరికాలోని నల్లజాతివారి విజ్ఞప్తి యొకటి డుబాయిస్ పండితుని సంపాదకత్వమున ఐక్యరాజ్యసమితికి చేరియుండెను. దక్షిణ రాష్ట్రములలో వారికి బడి వేరు, బండి వేరు; వోటు పెక్కుమందికి దక్కనిది. మాస్కో ఆ పుండునే లోకమునకు చూపెను. నిర్బంధ శిబిరములలో లక్షలాది జనులను మ్రగ్గబెట్టుచున్న ప్రభుత్వమునకు ఆ మాట పలుకు హక్కెక్కడిది? నిజమే. చూపినవాడు దోషియైనంత మాత్రమున పుండు మానునా?

ఈ సత్యమును అమెరికా ప్రభుత్వమే తుదకు గుర్తించెను. బడుల వేర్పాటు వ్యాజ్యమున, ఈ వివక్ష కమ్యూనిస్టు ప్రచారమునకు మేత యగుచున్నదని 1952 డిసెంబరులో సుప్రీముకోర్టునకు విన్నవించెను. 1954 మే 17న వేర్పాటు రాజ్యాంగవిరుద్ధమని తీర్పు వెలువడెను. నూరు రాయబారములకంటె ఆ యొక్క తీర్పు మిన్న.

అయినను బుద్ధి నిలువలేదు. 1953లో ఇరానున మొసాడెక్ ప్రభుత్వమును కూల్చుటకు అమెరికా, బ్రిటనుల గూఢచారి శాఖలు తోడ్పడెను. 1956 నవంబరులో రష్యా ట్యాంకులు బుడాపెస్టును త్రొక్కుచున్నప్పుడు బ్రిటను, ఫ్రాన్సులు ఈజిప్టుపై దండెత్తి యుండెను. హంగరీ కన్నీరు తుడువవలసిన చేతులకు సూయజు నెత్తురంటెను.

మన యింటి సంగతి యేమి? తెలంగాణమున సాయుధ పోరాటమును 1951 అక్టోబరులో విరమించిన కమ్యూనిస్టులు మరుసటి యేటి ఎన్నికలకు నిలిచిరి. నల్లగొండనుండి రావి నారాయణరెడ్డి అఖండ విజయముతో లోకసభకు వెళ్లెను. సైన్యము వారిని అడవులలో తరిమిన మాట నిజము. వారిని సభలో కూర్చుండబెట్టినది మాత్రము వోటుపెట్టె. అదే వోటుతో 1957లో కేరళమున ఏర్పడిన కమ్యూనిస్టు మంత్రివర్గమును 1959లో తొలగించినప్పుడు ఢిల్లీ ఆ పాఠమును మరచెను.

కావున ప్రజాస్వామ్యవాదులారా! ఓడిన పక్షము వోటుపెట్టెకు తలవంచిననాడు, పేదవాడు బెదరక న్యాయస్థానపు గడప దాటిననాడు, కమ్యూనిజమునకు ప్రత్యుత్తరము దానంతట అదియే లిఖింపబడును. ఇంట గెలువని ధర్మమును రచ్చలో నమ్మువా రెవ్వరు?