సముద్రం వేడెక్కితే మా నడుములు వంగాలా?

బెళుగుప్పకు సముద్రం కనపడదు. అయినా సముద్రం వేడెక్కితే మొదట ఎండేది మా గొంతే.

ఎక్కడో పసిఫిక్ మహాసముద్రంలో నీళ్లు మామూలుకన్నా వేడెక్కడాన్ని ఎల్‌నినో అంటారు. అది వచ్చిన చాలా ఏళ్లలో మన నైరుతి వానలు దెబ్బతింటాయి. 2002, 2009, 2023 అట్లాంటి ఏళ్లే. ఎల్‌నినో పాతదే. కానీ బొగ్గు, పెట్రోలు పొగవల్ల పెరిగిన వేడిలో 90 శాతం సముద్రమే మింగుతోంది. ఎండలు ముదురుతున్నాయి. ఆ పొగలో కూలోళ్ల వాటా ఎంత? మాకు కార్లున్నాయా, ఏసీలున్నాయా?

వాన పోతే శనక్కాయ పోతుంది. బోరు ఇంకా లోతుకు పోతుంది. మా జిల్లా రాళ్లలోని ఫ్లోరైడు ఆ నీళ్లలో కలిసి పైకొస్తుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పిల్లల పండ్లు గారకడతాయి, పెద్దల నడుములు వంగుతాయి. డబ్బున్నోడు క్యాను కొంటాడు. కూలోడు బోరునీళ్లే తాగుతాడు. ఎల్‌నినో ఏడు 2015లో ఎండదెబ్బకు ఆంధ్రలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఎండలో పనిచేసేదెవరో వేరే చెప్పాలా?

దీన్ని కర్మ అనొద్దు. సముద్రం కులం చూడదు, కుళాయి చూస్తుంది! పైపు ఊరంతా తిరిగి వాడకొచ్చేసరికి నీళ్లు సన్నబడతాయి. 1927లో మహాడ్ చెరువుకు అంబేద్కర్ నడిచింది ఈ నీళ్ల కోసమే.

వాడలో ప్రతి బోరునీళ్లూ పరీక్షించి ఫలితం గోడమీద రాయాలి. మంచినీళ్లు మొదట వాడకే ఇవ్వాలి. ఎండాకాలం పని పొద్దున్నే ముగించి పూర్తి కూలి ఇవ్వాలి. అన్నల్లారా, అక్కల్లారా! వచ్చే గ్రామసభలో బిందెలతో కూర్చుని ఇదే అడుగుదాం. బిచ్చం కాదు, మన హక్కు!