స్వీయ లాంఛనము: అహంకారమా, అర్పణమా?

ఇటీవల ఒక మిత్రునకు షష్టిపూర్తి జరిగినది. ఆయన ముప్పది యేండ్లు సంస్కృతమును బోధించిన ఆచార్యులు. ఆయన జీవితకృషికి ప్రతీకగా ఒక లాంఛనమును చిత్రింపజేసి అభినందన సంచికపై ముద్రింపవలెనని శిష్యులు సంకల్పించిరి. సిద్ధపరచిన చిత్రమున పతకములు, గ్రంథములు, గండపెండేరము, నడుమ ఆయన నామాక్షరము ఉన్నవి. దానిని చూచి ఆయన, “నాయనలారా! ఇందు నేను పొందినవన్నియు ఉన్నవి. నాకిచ్చినవారెవ్వరును లేరు” అనిరి.

ఆ మాట నన్ను చాలదినములు వెంటాడినది. ఫలాసక్తిని విడువవలసిన సాధకునకు స్వీయ లాంఛనమేల? అది అహంకారమునకు అలంకారమే గదా? అట్లు తలచువారు కలరు. వారితో నేను పూర్తిగా ఏకీభవింపజాలను.

మహాభారతమున మహారథులకు వేర్వేరు ధ్వజములున్నవి. దుర్యోధనుని ధ్వజముపై సర్పము. ద్రోణుని ధ్వజముపై వేదిక, కమండలువు. అర్జునుని ధ్వజముపై హనుమంతుడు. అర్జునుడు తలచినచో గాండీవమునే చిత్రించుకొనవచ్చును; ఖాండవదహనమును ప్రకటించుకొనవచ్చును. కాని ఆ విజయుని శిరస్సుపై నిలిచినది దాస్యభక్తికి పరాకాష్ఠయైన రామదూత. ఇక ద్రోణుని ధ్వజమును చూడుడు. యజ్ఞవేదికను చిహ్నముగా ధరించి ఆయన సేనాధిపత్యము వహించెను. ఆ వేదికకును ఆ సంగ్రామమునకును గల దూరమును ధ్వజమే చాటుచున్నది. లాంఛనము మనలను పొగడుటకు కాదు, కొలుచుటకు.

ఈ వివేకము మన దేశమునకే పరిమితము కాదు. 1947లో డెన్మార్క్ రాజు భౌతికశాస్త్రవేత్త నీల్స్ బోర్‌కు ‘ఏనుగు’ పేరుగల అత్యున్నత గౌరవమును ప్రసాదించెను. ఆ గౌరవము పొందినవారి లాంఛనములను ఫ్రెడరిక్స్‌బోర్గ్ కోటలోని ప్రార్థనామందిరమున నిలుపుట ఆచారము. బోర్ తన 1913 నాటి పరమాణు నమూనాను గాని, 1922 నాటి నోబెల్ గౌరవమును గాని అందు చిత్రించుకొనలేదు. చీనాదేశపు యిన్-యాంగ్ వలయమును గ్రహించి, విరుద్ధములు పరస్పర పూరకములను అర్థముగల లాటిన్ వాక్యమును జోడించెను. ఎలక్ట్రాను ఒక ప్రయోగమున కణమువలె, మరియొకదానిలో తరంగమువలె గోచరించును; రెండును గ్రహించిననే జ్ఞానము పూర్ణమగునని ఆయన సిద్ధాంతము. తాను సాధించిన పదవిని విడిచి, తాను దర్శించిన తత్త్వమును నిలిపెను.

వివేకానందస్వామి రామకృష్ణ మిషన్‌కు రూపొందించిన చిహ్నమును స్మరింపుడు. తరంగములు కర్మ, పద్మము భక్తి, ఉదయభానుడు జ్ఞానము, వలయాకార సర్పము యోగము, హంస పరమాత్మ. అది గతించిన కార్యముల పట్టిక కాదు, నడువవలసిన మార్గము.

కావున సాధకులారా, లాంఛనము కోరుట దోషము కాదు. దాని క్రింద నిలిచినపుడు మన శిరస్సు వంగుచున్నదా, లేచుచున్నదా అని మాత్రము పరీక్షించుకొనవలెను.

నా మిత్రుని సంచిక వెలువడినది. ముఖపత్రముపై గురుపాదుకలు, వాని క్రింద ఒక తాళపత్రము, గంటము. ఆ పత్రమున సగము మాత్రమే వ్రాసియున్నది. శిష్యులు కొంత నిరాశ చెందిరి. మిగిలిన సగమును చూపి ఆయన, “ఇది మీది” అనిరి.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.