మలుపు తెలిస్తే ఏం పోయింది?

డాక్టరు చచ్చిపోయాడు. అదీ సినిమా మొదలైన కాసేపటికే. చెప్పేశాను, ఇక తిట్టుకోండి.

‘ది సిక్స్త్ సెన్స్’ 1999లో వచ్చింది. ఇప్పటికీ పేరెత్తితే చాలు, "క్లైమాక్స్ చెప్పకు బాబూ" అని చెవులు మూసుకునేవాళ్లున్నారు. ఆ చివరి మలుపు తెలిసిపోతే సినిమాలో ఇక మిగిలేది పొట్టేనట. నాకైతే రెండోసారి, అన్నీ తెలిసి చూసినప్పుడే గింజ కనపడింది.

ఆ డాక్టరు మాల్కం క్రో, ఫిలడెల్ఫియాలో పిల్లల మనస్తత్వ నిపుణుడు. నగరం సన్మానించిన రాత్రే, ఒకప్పుడు అతని దగ్గరికొచ్చిన కుర్రాడు ఇంట్లో దూరి కాల్చాడు. తన గోడు పట్టించుకోలేదని కసి. తర్వాత తొమ్మిదేళ్ల కోల్ తనకు చనిపోయినవాళ్లు కనిపిస్తున్నారంటే, తను చచ్చిన సంగతే తెలియని మాల్కం మళ్లీ అదే చేశాడు. స్కిజోఫ్రీనియా లక్షణాలని రికార్డరులో చెప్పుకున్నాడు. పిల్లాడి ఒంటిమీద గీతలు చూసిన ఆస్పత్రి డాక్టరేమో తల్లిని అనుమానించాడు. (ఆ వేషం కట్టింది దర్శకుడు శ్యామలనే. అమ్మానాన్నలిద్దరూ డాక్టర్లు మరి, ఏం కసి ఉందో!)

చివరికి మాల్కం ఆ పాత కుర్రాడి టేపు తీసి, సౌండు పెంచి విన్నాడు. నిశ్శబ్దం అనుకున్నచోట మరో గొంతు ఏడుస్తోంది. టేపు అన్నాళ్లూ అతని దగ్గరే ఉంది. సినిమాకి అసలు మలుపు అదీ.

ఇక సినిమాలో ఇంకో హత్య సంగతి. వాంతులు చేసుకుంటూ చచ్చిపోయిన కైరా అనే పిల్ల దయ్యమై వచ్చి కోల్‌కి ఒక పెట్టె ఇస్తుంది. అందులో వీడియో టేపు. బొమ్మలాట తీయడానికి పెట్టిన కెమెరా, తల్లి సూపులో నేల తుడిచే మందు కలపడం కూడా తీసేసింది. బిడ్డకు తనే జబ్బు తెప్పించే ఇలాంటి తల్లుల గురించి బ్రిటన్ పిల్లల వైద్యుడు రాయ్ మెడో 1977లోనే రాశాడు. సాక్ష్యం టేపుది, రోగం వైద్యులెరిగిందే. దయ్యం చేసింది పోస్ట్‌మ్యాన్ పని.

"మలుపు లేకపోతే అంత ఆడేదా?" అంటారు. ఆడేది కాదేమో. కానీ దానికొచ్చిన ఆరు ఆస్కార్ నామినేషన్లలో రెండు కోల్‌గా, వాళ్లమ్మగా వేసిన నటులవి. చివర్లో కారులో కూర్చుని ఆ తల్లీకొడుకులు ఏడ్చే సన్నివేశానికి డాక్టరు బతికున్నా చచ్చినా ఒకటే.

మలుపు గురించి ఊగిపోయే స్నేహితుల్ని నేనొకటే అడుగుతుంటాను: కైరా చెల్లెలికి కూడా అప్పటికే ఒంట్లో బాగుండటం లేదు, గుర్తుందా? చాలామంది కైరా ఎవరని అడుగుతారు.