పాత బడిలో కనిపించని తల్లులు

పాత బడుల్ని చూస్తే నాకూ ముచ్చటేస్తుంది. కానీ "అబ్బ, ఆ రోజులే వేరు" అనుకుంటూ నాలుగు ఫొటోలు తీసుకుని బయటికొచ్చేస్తే మాత్రం, ఆ బడిని సగమే చూసినట్టు.

ఆస్ట్రేలియా నడిమధ్యన, ఎర్రమట్టి ఎడారిలో ఉన్న ఆలిస్ స్ప్రింగ్స్‌లో హార్ట్‌లీ స్ట్రీట్ స్కూల్ చూశాం. 1930లో తెరిచిన బడి. నేషనల్ ట్రస్ట్ వాళ్ళు మ్యూజియంలా కాపాడుతున్నారు. తర్వాతి కాలంలో చేర్చిన ఎనిమిది మూలల గది భలే ఉంది. పిల్లలు బల్లల్లో ఇరుక్కుని కూర్చుని ఒకటే నవ్వులు. నవ్వనివ్వండి, తప్పేం లేదు. నాకు మాత్రం ఈ గదుల కంటే వీటికి ముందు నడిచిన బడి కథే మనసులో మిగిలింది.

ఆ ఊరి మొదటి పంతులమ్మ ఐడా స్టాండ్లీ. 1914లో వచ్చారు. పొద్దున తెల్లవాళ్ళ పిల్లలకు పాఠాలు. మధ్యాహ్నం 'బంగళా' పిల్లలకు. బంగళా అంటే మనకి పెద్ద ఇల్లు కదా, అక్కడ మాత్రం రేకుల షెడ్డు! తెల్లజాతి తండ్రులకూ ఆదివాసీ తల్లులకూ పుట్టిన పిల్లల్ని అందులో ఉంచేవారు. వాళ్ళలో ఎంతోమంది తల్లుల దగ్గర్నుంచి లాక్కొచ్చినవాళ్ళే. ఒకే ఊరు, ఒకే పంతులమ్మ, పూటలు మాత్రం వేరు. మన ఊళ్ళ బళ్ళలో కొందరు పిల్లల్ని గుమ్మం అవతల కూర్చోబెట్టిన సంగతి మనకి తెలియనిదా?

ఆ షెడ్డులో పిల్లల్ని కనిపెట్టుకుని ఉన్నది టాప్సీ స్మిత్ అనే ఆదివాసీ స్త్రీ. భర్త పోయాక తన పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ ఊరికి వచ్చింది. పాఠం చెప్పినావిడ పేరు దగ్గర్లోని కొండ చీలికకు పెట్టారు, టూరిస్టులంతా స్టాండ్లీ చాజమ్ అంటూ వెళ్ళి చూస్తారు. కడుపు చూసి అన్నం పెట్టినావిడ పేరు అడిగితే ఎంతమంది చెప్పగలరు? ఇంటిపని చేసే మనకి ఈ లెక్క కొత్తేం కాదులెండి.

2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో ఆ పిల్లలకూ కుటుంబాలకూ క్షమాపణ చెప్పారు. ఆ ప్రసంగంలో నంగాలా ఫెజో అనే పెద్దావిడ కథ ఉంది. 1932 ప్రాంతంలో, నాలుగేళ్ళ వయసులో ఆవిడని తీసుకొచ్చి ఈ బంగళాలోనే పెట్టారు. వాళ్ళొస్తారన్న భయంతో పెద్దవాళ్ళు ఏటి గట్టున గుంతలు తవ్వి పిల్లల్ని దాచేవారట. ఆవిడ మళ్ళీ తల్లిని చూడనేలేదు. హార్ట్‌లీ స్ట్రీట్ బడి తెరిచి అప్పటికి రెండేళ్ళు. ఆ బల్లల మీద పిల్లలు ఎక్కాలు చదువుతున్న కాలమే!

ఇదంతా పిల్లలకి చెప్పాలా, విహారయాత్ర పాడుచేయడం కాదా అనేవాళ్ళున్నారు. నేను చెప్పాలంటాను. అమ్మ దగ్గర్నుంచి పిల్లని లాక్కుపోవడం ఎంత ఘోరమో పిల్లలకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. నేను చెప్పినప్పుడు వాళ్ళు అడిగింది ఒక్కటే: "ఆ అమ్మ వెతకలేదా?"

అటు వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. బడి చూడ్డం గంటలో అయిపోతుంది. ఊరికి ఉత్తరాన, కాస్త దూరంలోనే పాత టెలిగ్రాఫ్ స్టేషన్ ఉంది. 1932 తర్వాత బంగళా పిల్లల్ని ఉంచింది అక్కడే. అదే రోజు అదీ చూసి రండి.