ఒక కన్ను చీకటైతే...

పటాన్‌చెరులో రాత్రి షిఫ్టు దిగి తెల్లాపూర్ ఇంటికొచ్చిన మనిషికి ఉన్నట్టుండి ఓ కంట్లో చీకటి కమ్మిందనుకోండి. నొప్పి లేదు, ఎరుపు లేదు. ఏం చేస్తాడు? నిద్ర చాల్లేదనుకుని ముసుగు తన్నేస్తాడు. చిక్కంతా అక్కడే!

కంటిలో రెటీనా లోపలి పొరలకు రక్తం అందించే ప్రధాన ధమని ఒక్కటే. దానికి రక్తపు గడ్డో, మెడ రక్తనాళంలోంచి ఊడివచ్చిన కొవ్వు ముక్కో అడ్డుపడితే క్షణాల్లో చూపు పోతుంది. మూతి వంకర పోతే, చెయ్యి పడిపోతే పక్షవాతమని పరుగెడతాం కదా... ఇదీ అలాంటిదే, కంటికొచ్చే పక్షవాతం. రక్తం అందకుండా రెటీనా తట్టుకునేది కొద్ది గంటలే. కాబట్టి వెళ్లాల్సింది కళ్లజోళ్ల షాపుకి కాదు, పక్షవాతానికి అత్యవసర వైద్యం చేసే ఆసుపత్రికి. పది నిమిషాల్లో చూపు తిరిగొచ్చినా సరే, వెళ్లాల్సిందే. మెదడుకు రాబోయే ముప్పుకి అది ముందస్తు కబురు కావచ్చు. బీపీ, షుగరు, సిగరెట్టు... ఈ మూడూ ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త.

మెరుపులు మెరిసి, నల్లచుక్కలు గుంపుగా తేలి, పక్కనుంచి తెర దించినట్టుంటే రెటీనా ఊడుతోందేమోనని అనుమానించాలి. షుగరు ముదిరినవాళ్లకు కంటి లోపలే రక్తం చిమ్మొచ్చు. కన్ను తిప్పితే నొప్పి, రంగులు వెలిసినట్టుంటే కంటినరం వాపు కావచ్చు. ఇది ఎక్కువగా వయసులో ఉన్నవాళ్లకే వస్తుంది. కన్ను ఎర్రబడి తలపోటు, వాంతులు, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తే నీటికాసులు కావచ్చు.

మన కార్మికవాడల్లో ఇంకోటుంది. గ్రైండింగ్ చేస్తున్నప్పుడో, ఉలిమీద సుత్తి దెబ్బ వేసినప్పుడో చిన్న ఇనుప రవ్వ కంట్లోకి దూసుకుపోతుంది. పైకి గాయమే కనిపించకపోవచ్చు. నలపొద్దు, తీయాలని చూడొద్దు. కంటిమీద ఒత్తిడి పడకుండా కాగితం కప్పులాంటిది అడ్డుపెట్టి బయల్దేరాలి. ఇనుము లోపలుందేమోనని డాక్టరుకు తప్పక చెప్పాలి. తెలియక ఎమ్మారై తీస్తే ఆ ముక్క కదిలి కన్నే పోవచ్చు. రసాయనం చిందితే మాత్రం పద్ధతి వేరు. ఎక్కడున్నవాళ్లు అక్కడే మంచినీళ్లతో కనీసం పావుగంట కడిగి, ఆ తర్వాతే ఆటో ఎక్కాలి.

ప్రభుత్వ వైద్యం కావాలంటే మెహిదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది. బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1987 నుంచీ పనిచేస్తోంది.

అన్నట్టు, ఒక కన్ను మసకబారినా రెండోది ఆ లోటు కనపడనివ్వదు. అందుకే చాలామందికి ఎప్పుడో గానీ తెలియదు. ఈ పేపరు చేతిలో ఉండగానే ఓ కన్ను మూసి, తర్వాత రెండోది మూసి ఈ అక్షరాలే చదివి చూడండి. ఇంట్లో పెద్దవాళ్లచేతా చదివించండి.